కడిగిన టమాటాలు

మొన్న ఆదివారం నరసరావుపేట కూరగాయల మార్కెట్లో టమాటాలు ఏరుకుంటుంటే, పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడ నా చేతిలో పండు తీసి మళ్ళీ గుట్టలోకి విసిరేసి, "అది మెత్తబడింది, గట్టియ్యి ఏరుకో, వారం ఆగుతయ్," అని తనే నాలుగు తీసి నా బుట్టలో వేసింది. నాకు కావలసింది ఆ మెత్తబడిందే. ఆ పూటే చారు పెట్టుకుందామనుకున్నాను. కానీ తెలియని వాళ్ళకి కాదని చెప్పటం నాకు ఈ వయసుకి కూడా అలవాటు కాలేదు. గట్టివే తూకం వేయించుకుని ఇంటికొచ్చాను. గిన్నెలో పోస్తే గోళీల్లా చప్పుడు చేశాయి. ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు. అప్పుడు మా మేనత్త గుర్తొచ్చింది. మా అత్త టమాటాని ముందు వాసన చూసి, ఆ తర్వాతే కంటితో చూస్తుంది. వాసన లేని టమాటా, ఉప్పు తగలని ఉప్పుచేప ఒకటేనని ఆవిడ అభిప్రాయం. ఆవిడ చేలో నేను గడిపిన ఒక్క సీజను గురించి, అందులోనూ నేను చేసిన ఒక్క పని గురించి, ఇన్నాళ్ళూ నోటుబుక్కులో తప్ప ఎక్కడా రాయలేదు.

అత్తంటే మా నాన్నకి అక్క. రొంపిచెర్ల నుంచి ఆటోలో లోపలికి పోతే వాళ్ళ ఊరు. మాఘమాసం వచ్చిందంటే అక్కడ ఎటు చూసినా ఎరుపే. చేలల్లో మిరప, కళ్ళాల్లో మిరప, గాలిలో మిరప. ఆటో దిగిన వాళ్ళని ఎవరన్నా కుశలం అడిగే లోపే రెండు తుమ్ములు వచ్చేస్తాయి. మా మామయ్యకి మూడెకరాల మిరప ఉంది. దాన్ని ఆనుకుని, బోరుకి అవతల, అరెకరం మాత్రం అత్తది. పెళ్ళప్పుడు పసుపు కుంకుమల కింద మా తాతయ్య కొనిచ్చిన నేల అది. అందులోనూ మిరప వెయ్యమని మామయ్య అప్పటికి ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాడు, అత్త ఇరవై ఏళ్ళుగా టమాటాలే వేస్తోంది. దాని మీద పెద్ద పోట్లాటేమీ జరిగేది కాదు. అన్నం దగ్గర మజ్జిగ వచ్చినట్టు రోజూ ఆ మాట వచ్చేది, పోయేది.

నేను డిగ్రీ పూర్తి చేసి, తర్వాత ఏం చదవాలో తేలక, ఇంట్లో పుస్తకాల వెనక దాక్కున్న ఏడాది అది. మిరప కోతలకి వెల్దుర్తి వైపు నుంచీ, ఇంకా దూరాల నుంచీ మనుషులు ట్రాలీ ఆటోల నిండా దిగేవాళ్ళు గానీ, అరెకరం టమాటా కోయటానికి వాళ్ళలో ఒక్కరు కూడా దొరికేవాళ్ళు కాదు. అందుకని అత్త నాన్నకి ఫోన్ చేసి నన్ను పంపమంది. "దాని పుస్తకాలు కూడా తెచ్చుకోమను, చేలో ఎవరూ పలకరించరు, చదువుకోవచ్చు," అందట. నాన్న ఆ మాట నాకు చేరవేసి ఉండకపోతే నేను వెళ్ళేదాన్ని కాదు.

అత్త సేద్యం మొదట్లో నాకు పిసినారితనంలా కనిపించింది. పూత నిలబడేదాకా నీళ్ళు బాగానే పెట్టేది. కాయ తెల్లబడి రంగు తిరగటం మొదలవగానే చెయ్యి బిగబట్టేది. మధ్యాహ్నాలు ఆకులు కాస్త వాలిపోతే నాకు జాలేసి, మోటారు వెయ్యనా అని అడిగేదాన్ని. "నీళ్ళు తాగిన కాయ కాటా మీద తూగిద్ది, నోట్లో వేసుకుంటే నీళ్ళే," అనేది. యూరియా చిటికెడంటే చిటికెడు. మేకల ఎరువు, వేపపిండి మాత్రం దండిగా వేసేది. ప్రతి మొక్కకీ కర్ర పాతి, పండు మట్టికి ఆనకుండా పురికొసతో కట్టేది. కొమ్మల్ని కూడా ఒక లెక్కలో సర్దేది: పొద్దుటెండ పండుకి తగలాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ ఆకుకి తగలాలి. మరీ ఆకుల చాటున పెరిగిన పండు వెలవెలబోయి ఉండేది, మరీ ఎండకి నిలబడ్డది ఒకవైపు తెల్లగా కాలిపోయేది. కోతకి కూడా వేళుంది. మంచు ఆరాలి, ఎండ ముదరకూడదు. తొడిమతో సహా తుంచి, వరిగడ్డి పరిచిన గంపలో రెండు వరసలకి మించకుండా పేర్చాలి. ఇన్ని చెప్పిన అత్త, ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఆవిడకి తట్టి ఉండదు.

నేనూ ఆవిడకి కొన్ని చెప్పాను. నా పాఠ్యపుస్తకంలో టమాటా మీద ఒక పేజీన్నర ఉంది. చెట్టు మీద పండిన దాంట్లో, పచ్చిగా కోసి పండబెట్టిన దానికంటే విటమిన్ సి ఎక్కువుంటుందనీ, ఆ ఎరుపుకి లైకోపీన్ అని ఒక పేరుందనీ ఒక రోజు గట్టు మీద కూర్చుని చదివి వినిపించాను. అత్త చేతిలో పని ఆపకుండా అంతా విని, "ఎరుపుక్కూడా పేరు పెట్టారా? మంచిదేలే. ఇంటిపేరుందా దానికి?" అంది. నేను నవ్వితే ఆవిడ సంతోషపడింది. నేను ఆ ఇంట్లో పైకి నవ్వటం అదే మొదటిసారట.

ఆ నెల్లోనే మండలంలోని ఆడపిల్లల హాస్టల్ బడి నుంచి కబురొచ్చింది. నర్సమ్మ పరీక్ష చేస్తే చానామంది పిల్లలకి రక్తం తక్కువుందని తేలింది. మాత్రలిచ్చి, అవి ఒంటికి పట్టాలంటే అన్నంలో పులుపు ఏదన్నా ఉండాలని, నిమ్మకాయో టమాటానో తాజాగా పెట్టమని చెప్పిందట. ఆ బడి పెద్ద మేడమ్ ఒకసారి మా అత్త పండ్లు తిని ఉంది. ముందు రెండు గంపలు పంపండి, వంటావిడ సరేనంటే బడి మూసేదాకా మీవే తీసుకుంటాం అని చెప్పింది. మామయ్య ఆ మాటకి తన మాట కలిపాడు. టౌను వ్యాపారులకి దోరకాయ కావాలి, అత్త పండబెట్టి గానీ కొయ్యదు, కాబట్టి సగం పండ్లు ఊళ్ళో పంచటానికే పోతున్నాయి. ఇటు మిరప ఆఖరి కాపు నీళ్ళకి ఆవురావురుమంటోంది. వారంలో రెండు రోజులు బోరు టమాటాది. బడి వాళ్ళు వద్దంటే ఆ రెండు రోజులూ మిరపకే. అందులో కోపమేమీ లేదు, మామయ్య చెప్పింది న్యాయంగానే ఉంది. కానీ ఆ ఎండల్లో నీళ్ళాగితే అత్త చేను పది రోజులు నిలవదు. ఒకసారి ఎండిపోయిన అరెకరంలో మరుసటేడు ఏం లేస్తుందో ముగ్గురికీ తెలుసు.

శుక్రవారం పొద్దున ఇద్దరం కలిసి రెండు గంపలు కోశాం. మిగిలిన పది పదిహేను పండ్లు అత్త చేటలో పోసి ఇంటి వసారాలో పెట్టింది. ఆటో మధ్యాహ్నం వస్తుందనగా, గంపలు నాకప్పజెప్పి కళ్ళానికి అన్నం పట్టుకుపోయింది. నేను గంపల ముందు కూర్చున్నాను. పండ్ల మీద దుమ్ముంది. వేపకషాయం చల్లిన మరకలున్నాయి. తొడిమల చుట్టూ సాలీడు గూళ్ళలాంటివేవో ఉన్నాయి. బడి మేడమ్ వీటిని చూసి ఏమనుకుంటుందోనని నాకు బెంగ పట్టుకుంది. ఎవరింటికన్నా వెళ్ళే ముందు మూడుసార్లు మొహం కడుక్కునే రకాన్ని నేను. పెరటి తొట్టి నిండా చల్లటి నీళ్ళున్నాయి. ఎండకి గోరువెచ్చగా ఉన్న పండ్లని తట్టలు తట్టలుగా ముంచి, చేత్తో రుద్ది, తొడిమలు చూడ్డానికి బాగోలేవని ఒక్కొక్కటీ పీకేసి, మళ్ళీ గంపల్లోకి ఎత్తాను. తడి గడ్డి మీద అవి రంగు వేసినట్టు మెరిశాయి. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పనులు తక్కువ.

వేడి పండుని చన్నీళ్ళలో ముంచితే లోపలి గాలి ముడుచుకుపోయి, తొడిమ ఊడిన చోటు నుంచి నీళ్ళని లోపలికి పీలుస్తుందనీ, నీళ్ళతో పాటు అందులో ఉన్న మురికంతా కండలోకి చేరుతుందనీ నేను ఇంకో రెండేళ్ళకి గానీ చదవలేదు. అత్తకి మాత్రం గుమ్మంలో అడుగు పెడుతూనే తెలిసిపోయింది. ఒక పండు తీసి తొడిమ ఊడిన గుంటలో బొటనవేలు పెట్టి చూసింది. "కడిగావా?" అంది. బాగుంటాయని అన్నాను. బయట ఆటో హారన్ కొడుతోంది. ఈ పూట పంపుతానని మాటిచ్చి ఉంది. చేతిలో పండు గంపలో పెట్టేసి, "ఇయ్యాలే వండేస్తే ఏం కాదులే," అని తనలో తను అనుకున్నట్టు అని, గంపలు ఎక్కించి, ఈ పూటే వండెయ్యమని చెప్పు నాయనా అని ఆటో అతనికి చెప్పింది. అతను చెప్పాడో లేదో తెలియదు. హాస్టల్లో ఆ రెండు రోజులూ ముదిరిపోతున్న సొరకాయలు ముందు ఖర్చుపెట్టాల్సి వచ్చి, టమాటాలని రెండు గోతాల్లోకి వొంపి స్టోరు గది మూల పెట్టారు.

ఆదివారం పొద్దున అత్త ఫోన్ మోగింది. అత్త ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. మాట్లాడేది హాస్టల్ వంటావిడ. "వదినా, నీ పండ్లు కరిగి గదంతా పారుతున్నయ్. గిన్నెల్లో పట్టి పిల్లలకి తాగిపిచ్చమంటావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పెట్టేసింది. మామయ్య వసారాలో పళ్ళు తోముకుంటున్నాడు. నోరు పుక్కిలించి, తువ్వాలుతో తుడుచుకుని, తీరిగ్గా అన్నాడు: "ఏమే, పండినకాయ ఆగదని నేనన్నప్పుడు విన్నావా? బుధవారం నుంచి పైపు ఇటు తిప్పుతా." కడిగింది ఎవరో అత్త ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు, చూస్తే మామయ్య నన్ను చూస్తాడని. ఆ మధ్యాహ్నం నోటుబుక్కు తీసి రోజూలాగే పేజీ నింపుదామని కూర్చుంటే ఒక్క వాక్యమే వచ్చింది, 'కడిగింది నేను' అని. రాసి చాలాసేపు చూశాను. అది రాయాల్సిన మాట కాదు, పైకి అనాల్సిన మాట.

సోమవారం పొద్దున వసారాలో చేట మీద కన్ను పడింది. శుక్రవారం మిగిలిన పండ్లు తొడిమలతో సహా అలాగే ఉన్నాయి. కాస్త మెత్తబడ్డాయి, అంతే. వంగితే వాసన మొహానికి కొట్టింది. అదే చెట్లవి, అదే పొద్దుట కోసినవి. వాటిని చూస్తూ నిలబడి, వెనక్కి తిరగకుండానే, "మామయ్యా, ఆ గంపలు నేను కడిగాను, అందుకే కుళ్ళినయ్," అన్నాను. మామయ్య నమ్మలేదు. కడిగినందుకే పండు చచ్చిపోతే, వర్షానికి చెట్టు మీదవన్నీ చావాలిగా అన్నాడు. అయినా నాకు చెప్పి ఏం లాభం, వద్దన్నది ఆ వంటావిడ, వెళ్ళి ఆవిడకి చెప్పుకో అన్నాడు. తమాషాకే అన్నాడనుకుంటాను. నేను నాలుగు పండ్లు తువ్వాల్లో మూటకట్టుకుని ఆటో ఎక్కాను. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా వరసగా పేర్చుకున్నాను. దిగేసరికి ఒక్కటీ లేదు.

వంటావిడ స్టోరు గది గచ్చు కడిగిస్తోంది. పొడుగాటి మనిషి, గరిట చేతిలో లేకపోయినా ఉన్నట్టే నిలబడుతుంది. గోతాల్లో ఇంకా బాగున్నవేమన్నా ఉన్నాయేమోనని ఏరించి ఒక పళ్ళెంలో పోయించింది గానీ, అవీ నీరుకారిపోయి ఉన్నాయి. నేను మూట విప్పి, తెచ్చిన నాలుగు పండ్లనీ ఆ పళ్ళెం పక్కన పెట్టాను. ఎవరమ్మాయివి, ఇయ్యేంది అని అడిగింది.

"ఇవీ శుక్రవారం కోసినవే పెద్దమ్మా. అదే చేను. వీటిని నేను కడగలేదు."

ఆవిడ పళ్ళెంలో వాటినీ, పక్కన నాలుగింటినీ మార్చి మార్చి చూసింది. అత్త తప్పు లేదనీ, ఆవిడ లేనప్పుడు నేనే నీళ్ళలో ముంచి తొడిమలు పీకాననీ చెప్పాను. ఆవిడ నన్ను కింద నుంచి పై దాకా చూసి, ఏం చదివావని అడిగింది. చెప్పాను.

"అంత చదివి, తడిబట్ట మడిచి బీరువాలో పెడతావా?"

"పెట్టను."

"మరి?"

ఆవిడ అంతలోనే ఒక పండు తీసి, తొడిమ తుంచి, కొంగుకి తుడిచి అక్కడే కొరికింది. రసం మోచేతి దాకా కారింది. మొత్తం తినేసి, చెయ్యి కడుక్కుని, రేపు ఒక గంప తెమ్మంది. రోజు విడిచి రోజు ఒక్క గంపే తేవాలి, గోతాల్లో కాదు, వచ్చినవి వచ్చినట్టు నేల మీద గడ్డి పరిచి ఆరబోయిస్తానంది. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "నువ్వు మాత్రం కడగమాక," అంది. గచ్చు కడుగుతున్న వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మంగళవారం గంపతో అత్త కూడా వచ్చింది. ఆవిడ వచ్చింది పండ్లు ఇవ్వటానికి కాదు, అవి ఏమవుతాయో చూడటానికని నాకు వంటగదిలోకి వెళ్ళాక అర్థమయింది. బజారు నుంచి తెప్పించిన పాత సరుకు టమాటాలు తెల్లారుజామున తరిగి, పెద్ద గంగాళంలో నీళ్ళలో వేసి ఉన్నాయి. మధ్యాహ్నం తీరికుండదని వంటావిడ పద్ధతి అట. ఆ నీళ్ళేం చేస్తావని అత్త అడిగింది. పారబోస్తానంది. "సారం కాలవకి, తొక్క పిల్లలకా వదినా?" అంది అత్త. ఇంతమందికి వండే దాన్ని, అంత బాధైతే నువ్వొచ్చి తరుగు అంది ఆవిడ. అత్త నిజంగానే చెంగు బిగించి కత్తిపీట ముందు కూర్చుంది. నేనూ కూర్చున్నాను. కందిపప్పు ఉడికి మెత్తబడ్డాక, పోపులో నూనె కాగాక, అప్పటికప్పుడు తరిగిన టమాటా ముక్కలు తొక్కతోనే అందులో పడ్డాయి. కాసేపు మగ్గి పప్పులో కలిశాయి. వంటావిడ పప్పు రుచి చూసి, చింతపండు ఈసారి తగ్గించొచ్చు అని మాత్రం అంది. ఆవిడ నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు రాదని తర్వాత తెలిసింది.

ఇప్పుడు నేను పనిచేసే చిన్న ల్యాబులో కూరగాయల రసాల్లోకి రంగుమందు చుక్క చుక్కగా వేసి, గులాబీరంగు నిలబడేదాకా చూస్తాం. ఎన్ని చుక్కలు పట్టాయో దాన్నిబట్టి విటమిన్ సి ఎంత మిగిలిందో తెలుస్తుంది. తరిగి నీళ్ళలో నానేసిన ముక్కలకి రంగు చప్పున నిలబడిపోతుంది, అంటే వాటిలో మిగిలింది అంత తక్కువ. గట్టిగా ఉడకబెట్టినవీ అంతే. ఎరుపు సంగతి మాత్రం వేరు. అది నూనెలో మగ్గితేనే ఒంటికి బాగా పడుతుంది. ఇదంతా యంత్రాల మధ్య నిలబడి నేర్చుకున్నాను గానీ, ప్రతిసారీ నాకు ఆ గంగాళమే కనిపిస్తుంది.

బుధవారం పొద్దున కరెంటు రాగానే మామయ్య పైపు దగ్గరికి వెళ్ళాడు. బడి వాళ్ళు ఒప్పుకున్నారని ఆయనకి తెలుసు. మాట తప్పే మనిషి కాదు గనక టమాటా రెండు రోజులూ టమాటాకే వదలాలి. అటు మిరప చూస్తే దిగులుగా ఉంది. పైపు చేతిలో పట్టుకుని, పోట్లాటకి సిద్ధమైనట్టు నిలబడ్డాడు. అత్త గట్టు మీద నుంచే, "నాకు రెండు రోజులక్కర్లేదు, ఒకటి చాలు. పండుతున్న కాయకి నీళ్ళు తగ్గితేనే మేలు. రెండోది నువ్వు తీసుకో," అంది.

మామయ్య పైపు దించాడు. తర్వాత, "ఈ మాట ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

"మిరప వెయ్యమన్నావు గానీ, నీళ్ళెన్ని కావాలని ఎప్పుడన్నా అడిగావా?"

గట్టు మీద కూర్చున్న నేను నవ్వు కనపడకుండా పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ సంసారంలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదని మామయ్య మొహంలోనే కనిపించింది. ఆయన పైపు మిరప వైపు తిప్పి, రెండు అడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి, ఎల్లుండి నీది అని చెప్పి పోయాడు.

ఫాల్గుణమంతా రోజు విడిచి రోజు గంప వెళ్ళింది. పిల్లల రక్తం పెరిగిందో లేదో నాకు తెలియదు. నర్సమ్మ పుస్తకం నేను చూడలేదు. మధ్యాహ్నం పప్పు మిగలటం లేదని మాత్రం వంటావిడ ఫోన్లో ఫిర్యాదు చేసేది. ఉగాది దాటాక ఎండలు ముదిరాయి. పండ్లు పండుతున్నాయి గానీ ఎర్రబడటం లేదు. భుజాల దగ్గర పసుపుగానే ఆగిపోతున్నాయి. అంత వేడిలో ఎరుపు పుట్టదు. అత్త రెండు రోజులు చూసి, ఇక పంపనని బడికి ఫోన్ చేసింది. వంటావిడ ఒప్పుకోలేదు. బడి మూసేదాకా ఇస్తానన్నావుగా, ఇంకా పరీక్షలున్నాయి అంది. "పసుప్పచ్చగా ఉంటే ఏంది వదినా, పప్పులో కలిశాక ఎవరు చూస్తారు?" అని గట్టిగా అడిగింది. "నేను చూశాగా," అంది అత్త. మళ్ళీ కార్తీకంలో నారు పోస్తానని, అప్పటిదాకా నిమ్మకాయలు పిండమని చెప్పి పెట్టేసింది. ఆ పసుపు పండ్లని మేమిద్దరం చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, డాబా మీద ఒరుగులకి ఆరబెట్టాం. మరుసటేడు ఆ అరెకరంలో టమాటాయే వేసింది. ఈ ఏడూ అదే వేసింది.

ఆ డాబా మీద ముక్కలు తిరగేస్తుంటే నాకొకటి అనిపించింది. పండుని ఎర్రబరిచేదీ కాలమే, కుళ్ళబెట్టేదీ కాలమే. ఆ రెంటికీ మధ్య ఒక మూడు నాలుగు రోజులు మాత్రం అది పండుని మన చేతుల్లో పెట్టి, ఏం చేస్తామో చూద్దామని పక్కన నిలబడుతుంది.